కాగితం పూల కొమ్మలకు రూటింగ్ పౌడర్: కొనొచ్చా?

నాటిన కొమ్మకు వేళ్లు రప్పించే ఈ రూటింగ్ పౌడర్‌ను కాగితం పూలకు, అదే బోగన్‌విల్లాకు అయితే కొనండి. మునగకూ మనీ ప్లాంట్‌కూ తీగ బచ్చలికీ మాత్రం డబ్బు దండగ, అవి ఏ పొడీ లేకుండానే వేళ్లు వేస్తాయి, మునగైతే మణికట్టంత లావు కొమ్మ పాతితే చాలు. కాగితం పూలు ఒకసారి నాటుకున్నాక గోడ దాటిపోయేంత వేగంగా పెరుగుతాయి గానీ, కొమ్మకు వేరు రప్పించడమే అసలు కష్టం.

నేను వాడుతున్నది విత్తనాల షాపులో దొరికిన చిన్న డబ్బా. అందులో పనిచేసే మందు ఐబీఏ, అంటే వేళ్లు పుట్టించే హార్మోన్, మిగతాదంతా పౌడరే. మామూలుగా లేత కొమ్మలకు ఐబీఏ 0.1 శాతం, సగం ముదిరినవాటికి 0.3, బాగా ముదిరినవాటికి 0.8 శాతం వాడతారు, కాబట్టి ఆ అంకె చూడకుండా కొనొద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇంకో ప్యాకెట్ మీద శాతమూ లేదు, తయారీ తేదీ కూడా లేదు, "అన్ని మొక్కలకూ" అని మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది. అలాంటిది అమ్మడమే తప్పు.

పొడి అద్దినవీ అద్దనివీ పక్కపక్కనే పెట్టి చూశాను. అద్దనివి కూడా కొన్ని బతికాయి, కానీ అద్దినవాటిలో ఎక్కువ బతికాయి, వేళ్లు కూడా గుత్తిగా వచ్చాయి. తొలకరి పడ్డాక పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవు, కణుపు కింద ఏటవాలుగా కోసి, ఆకులు తీసేసి, కింది అంగుళం మాత్రమే పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేయాలి. ఎక్కువ పూస్తే వేళ్లు ఎక్కువ రావు, కొమ్మ అడుగు పాడవుతుంది. ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి నింపిన కవర్లో ముందు పుల్లతో రంధ్రం చేసి అప్పుడు దింపండి, లేకపోతే అద్దిన పొడంతా పైనే రాలిపోతుంది. కొమ్మను డబ్బాలోనే ముంచకండి, తడి తగిలితే మిగిలిన పొడి కూడా చెడిపోతుంది, కొంచెం కాగితం మీద పోసుకుంటే సరిపోతుంది.

చిగుళ్లు రాగానే మొక్క బతికిందని సంబరపడొద్దు, కొమ్మలో దాచుకున్న బలంతోనే అవి వస్తాయి, వేళ్లు వచ్చేది ఆ తర్వాతే. పీకి చూస్తే వచ్చిన కాస్త వేరూ తెగుతుంది.

నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి తగ్గించింది డబ్బా మీద తెలుగులో ఒక్క ముక్కా లేనందుకు, మన దగ్గర ఇది కొనేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు చదివి వాడేవాళ్లు కాదు కదా! కుండీలోకి మార్చేటప్పుడు మట్టి ముద్ద విరగకుండా కవర్‌ను బ్లేడుతో కోసి తీయండి, వీటి వేళ్లు చాలా పెళుసు.