మా కాలనీ జిమ్‌లో ఎనిమిది నెలలు: లేడీస్ బ్యాచ్ నుంచి ఒక రివ్యూ

జిమ్ పేరు రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఒక మామూలు కాలనీ, కింద టిఫిన్ సెంటర్, మూడో అంతస్తులో జిమ్, మధ్యలో నేను చేరినప్పటి నుంచి ఒక్కరోజు కూడా కదలని లిఫ్ట్. పదిన్నరకి లేడీస్ బ్యాచ్ మొదలయ్యేసరికి కింది నుంచి నెయ్యి కారం దోశ వాసన కిటికీలోంచి నేరుగా ట్రెడ్‌మిల్ మీదకే వస్తుంది. ఇదొక పరీక్ష.

నాకు 46. చేరినప్పుడు 68 కిలోలు. థైరాయిడ్ మాత్ర పదేళ్ళ నుంచీ వేసుకుంటున్నా. పోయినేడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.2 వస్తే, 6.5కి చేరితే షుగర్ కిందే లెక్క, ఇప్పుడే ఒళ్ళు కదిలించండి అన్నారు డాక్టర్. నడక మొదలుపెట్టి వానాకాలం రాగానే మానేశాను, అందరిలాగే. అందుకే జిమ్.

చేరిన రోజు డెస్క్ దగ్గరి అబ్బాయి నన్ను ఒక మిషన్ మీద ఉత్త కాళ్ళతో నిలబెట్టి, రెండు పిడులు చేతికిచ్చి, ఒక కాగితం ప్రింట్ తీసి "మేడమ్, మీ బాడీ ఏజ్ 59" అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే ఇంకో కాగితం తీశాడు, పర్సనల్ ట్రైనింగ్, నెలకి ఆరు వేలు. తర్వాత అర్థమైందేంటంటే, ఆ మిషన్ ఒంట్లోకి చిన్న కరెంట్ పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో చూసి కొవ్వు లెక్కకడుతుంది. నీళ్ళున్నచోట తేలిగ్గా పోతుంది, కొవ్వున్నచోట పోదు. కాబట్టి ఒంట్లో నీళ్ళు ఎంతున్నాయన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. ఒకే రోజు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడి చూశాను, కొవ్వు 38.1 నుంచి 35.6కి దిగింది. ఒక్క పూటలో రెండున్నర శాతం! ఆ కాగితం చూసి ఎవరూ టెన్షన్ పడకండి, డబ్బు అసలే కట్టకండి. రెండు నెలలకోసారి ఒకే వేళకి, ఒకేలా వెళ్ళి చూసుకుంటే కొంచెం పనికొస్తుందేమో, అంతే.

మరి ఎనిమిది నెలలు ఎందుకు వెళ్ళానంటే, లేడీస్ బ్యాచ్ ట్రైనర్ కోసం. పాతికేళ్ళుంటాయి, కాలేజీలో కబడ్డీ ఆడిందట. మొదటి రోజు ఆంటీ అంది, నా మొహం చూసి రెండో రోజు నుంచి అక్కా అంటోంది. బరువు ముట్టుకోనివ్వకముందే అడిగింది, బీపీ చూపించుకున్నారా, ఏం మాత్రలు వేసుకుంటున్నారు, మోకాళ్ళెలా ఉన్నాయి అని. పన్నెండు వేలు కట్టించుకున్న డెస్క్ వాళ్ళు ఇందులో ఒక్కటీ అడగలేదు.

స్క్వాట్స్ అంటే నాకు భయం. ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనకాల వేసి, "అక్కా, కూర్చోవద్దు, కుర్చీని తాకి లేవండి చాలు" అంది. పది సార్లు. నా కుడి మోకాలు ప్రతిసారీ టక్‌మంటోంది, పక్కనున్నావిడకి కూడా వినబడేంత. నొప్పి లేకుండా చప్పుడొక్కటే అయితే భయపడక్కర్లేదు, నొప్పెట్టినా వాచినా ఆపి చెప్పండి అంది. మూడు వారాలకి కుర్చీ పోయి స్టూల్ వచ్చింది, తర్వాత చేతిలోకి ఐదు కిలోల డంబెల్. లేచేటప్పుడు ఊపిరి బిగబడితే మాత్రం తిట్టేది, బీపీ ఒక్కసారిగా పెరుగుతుందని.

డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువుని నిలబడి పైకెత్తే వ్యాయామం, నేర్పిన రోజు మాటల్లో గ్యాస్ సిలిండర్ వచ్చింది. "ఇంట్లో సిలిండర్ ఎలా జరుపుతారు, చేసి చూపించండి" అంది. నేను నడుం వంచి చూపించా. అదే తప్పట. నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దాకా ఉంటుంది, దాన్ని నడుంతో లాగుతున్నాం మనం. తుంటి వెనక్కి, వీపు నిటారుగా, బరువు కాళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఎత్తాలి. ఈ ఒక్క పాఠానికే నా ఫీజు సగం వసూలైంది.

మా బ్యాచ్‌లో వచ్చే ప్రశ్నలు ఎక్కడైనా వచ్చేవే. పొట్ట మాత్రమే తగ్గాలంటే ఏం చేయాలి? తగ్గదు, క్రంచెస్ ఎన్ని చేసినా కొవ్వు ఒంట్లో ఎక్కణ్ణుంచి కరగాలో మన చేతిలో ఉండదు. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరిగినట్టేనా? ఒకావిడ ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని నడిచి కిలో తగ్గానని సంబరపడింది. అదంతా నీళ్ళు, ఇంటికెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తాగగానే చాలావరకు తిరిగొచ్చేసింది. బరువులెత్తితే మగాళ్ళలా కండలొస్తాయా? ఈ ప్రశ్నకి ట్రైనర్ తన చెయ్యి చూపించి, "ఎనిమిదేళ్ళుగా చస్తున్నా అక్కా, ఇంతే వచ్చింది" అంది. కండలు పెంచే టెస్టోస్టెరాన్ హార్మోను ఆడవాళ్ళ ఒంట్లో తక్కువ. పైగా నెలసరి ఆగే వయసులో ఎముకలు పలచబడతాయి కాబట్టి బరువులు మనకే ఎక్కువ అవసరం.

థైరాయిడ్ ఉంటే బరువు తగ్గరని నేను పదేళ్ళు చెప్పుకుని బతికాను. మాత్ర వేసుకుంటూ, రక్తపరీక్షలో థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ సరిగ్గా ఉంటే ఆ సాకు చెల్లదని ఈసారి డాక్టరే అన్నారు. ఇంకో మాట కూడా, మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట కాఫీ ముట్టొద్దట. నేను రెండూ ఒకేసారి మింగేదాన్ని.

ట్రెడ్‌మిల్ మీద కనిపించే కేలరీలు నమ్మకండి. మన బరువు కొట్టకపోతే అది తనకి తోచిన బరువుతో లెక్కేస్తుంది. నా బరువుకి గంటకి ఐదు కిలోమీటర్ల చొప్పున ముప్పావుగంట నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 180 కేలరీలు. కింద ఉన్న నెయ్యి కారం దోశ ఒక్కటి దాన్ని సులువుగా దాటేస్తుంది. అదే రాత్రి భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడిస్తే కేలరీల మాటెలా ఉన్నా, తిన్న తర్వాత ఎగిరే షుగర్ తగ్గుతుంది. ఈ పనికి జిమ్ అక్కర్లేదు, మా మేడ మీదే చేస్తున్నా.

ఇక డబ్బా గోల. డెస్క్ అబ్బాయి ప్రతి నెలా ఒక ప్రోటీన్ పౌడర్ డబ్బా చూపిస్తాడు, మూడు వేల నాలుగు వందలు, "ఈరోజే ఆఫర్ మేడమ్". మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ఇలాంటి పౌడర్లు వద్దనే చెప్పింది. వాళ్ళ లెక్కలో పెద్దవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్, నాకైతే 56 గ్రాములు. రెండు గుడ్లు పన్నెండు, పప్పు, పెరుగు, గుప్పెడు పల్లీలు, మిగతాది అన్నం, రొట్టెల్లోంచి. సరిపోతుంది. కాకపోతే నీళ్ళలా కారే పప్పుచారుని పప్పుగా లెక్కేసుకోవద్దు.

నాకు అసలు మండింది వేరే విషయం. సెప్టెంబర్‌లో డెంగీ వచ్చి మూడు వారాలు మంచం మీదున్నాను. మెంబర్‌షిప్ ఆ మేరకు ఆపమంటే, ముందే రాసివ్వాలి అన్నారు. డెంగీ ముందే చెప్పి వస్తుందా? రిపోర్టులు చూపించినా వినలేదు. ఏసీ కూడా సాయంత్రం బ్యాచ్‌కే, మాకు ఫ్యాన్లు. బాత్‌రూమ్ గురించి రాయను, భోజనం చేసి చదువుతున్నవాళ్ళు ఉండొచ్చు.

ఫలితం అడుగుతారు కాబట్టి: ఇప్పుడు 64.5 కిలోలు, హెచ్‌బీఏ1సీ 5.9. బరువుల వల్లనా, రాత్రి అన్నం తగ్గించినందుకా అంటే విడదీసి చెప్పలేను. మూడంతస్తులు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నా, అది మాత్రం కాళ్ళ పుణ్యమే.

ట్రైనర్‌కి ఐదు నక్షత్రాలు, జిమ్‌కి రెండు. చేరాలనుకుంటే సంవత్సరానికి ఒకేసారి కట్టకండి, మూడు నెలలకి కట్టి ట్రైనర్ ఎవరో చూడండి. డెస్క్ దగ్గర కాకుండా బ్యాచ్ నడిచే టైమ్‌లో వెళ్ళి పది నిమిషాలు నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మా జిమ్‌కే వస్తే టవల్ తెచ్చుకోండి, లిఫ్ట్ సంగతి అడక్కండి.