పాత 7.65 పిస్తోలు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

కడప జిల్లాలో మాకు చీనీ తోట ఉంది. తోట రక్షణకని నాన్న ఎప్పుడో లైసెన్సు మీద తీసుకున్న 7.65 మిల్లీమీటర్ల విదేశీ పిస్తోలు, ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాక, 2017లో వారసుడిగా నా లైసెన్సుకు మారింది. అప్పటి నుంచి ఏటా రెండుసార్లు హైదరాబాదులోని రేంజిలో కాలుస్తున్నాను. అందుకోసం లైసెన్సు పరిధిని తెలంగాణకూ పెంచుకున్నాను. ఇది మంచి పిస్తోలు. అయితే మొదటి రెండేళ్లు ఆ మాట అనలేకపోయాను.

ఇబ్బందులు రెండు. మ్యాగజీన్‌లోని (తూటాలు నింపే డబ్బా) తూటా ఛాంబరులోకి (బారెల్ వెనక తూటా పేలే గది) ఎక్కక, ముక్కు కిందికి వాలి ఇరుక్కునేది. కొన్నిసార్లు పేలిన తూటా ఖాళీ తొడుగు బయట పడక, స్లైడు (పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) మూసుకునే చోట నిలువుగా చిక్కుకునేది.

నలుగురి మాట విని, లైసెన్సున్న మరమ్మతు దుకాణంలో స్లైడును తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగును మామూలు కంటే గట్టిది వేయించాను. అది నా పొరపాటు. ఈ రకం పిస్తోలులో బారెల్‌కూ స్లైడుకూ మధ్య గడియ ఉండదు. పేలుడు వాయువుల ఒత్తిడికి ఖాళీ తొడుగే వెనక్కి వచ్చి స్లైడును నెడుతుంది. స్ప్రింగు అతిగా గట్టిదైతే స్లైడు పూర్తిగా వెనక్కి రాదు, తొడుగు దాన్ని బయటికి తన్నే ఎజెక్టర్‌కు బలంగా తగలదు. చిక్కుకోవడం తగ్గకపోగా రెట్టింపైంది. సరైన కొలత స్ప్రింగు మళ్లీ వేయించి, ఇక ఒకసారికి ఒక్క మార్పే చేయాలని నిశ్చయించుకున్నాను.

నా దగ్గర రెండు మ్యాగజీన్లు ఉన్నాయి. గోళ్ల రంగుతో ఒకదాని అడుగున 1 అనీ, రెండోదాని అడుగున 2 అనీ రాశాను. ఒక్కో దానితో 25 తూటాలు కాల్చి, ఎక్కడ ఆగిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. తూటా ఎక్కకపోవడం ఏడుసార్లు జరిగింది. ఏడూ ఒకటో మ్యాగజీన్‌వే! ఇంటికి వచ్చి రెండు ఖాళీ మ్యాగజీన్లనూ దీపం కింద పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటోదానిలో తూటాను పట్టి ఉంచే పై పెదవుల్లో ఎడమది కాస్త బయటికి తెరుచుకుని ఉంది. ఎప్పుడో కింద పడి ఉంటుంది. పట్టకారుతో వంచాలని చేయి లాగింది కానీ ఆగాను. అక్కడి రేకు ఒకసారి వంగితే మళ్లీ అదే కోణానికి రావడం కష్టం. దాన్ని పక్కన పెట్టి కొత్తది తెప్పించాను.

కొత్త మ్యాగజీన్‌తోనూ ఒకసారి ఆగింది. ఆ కారణం వేరు. 1899 నుంచి ఉన్న ఈ 7.65 బ్రౌనింగ్ తూటాకు అడుగున కొద్దిగా పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. తూటా ఒళ్లు సుమారు 8.5 మిల్లీమీటర్లు, అంచు 9.1. ఆ అర మిల్లీమీటరు చాలు. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే, పైది ముందుకు కదలదు, స్లైడు ఎంత నెట్టినా అంతే. ఇప్పుడు నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదాని అంచుకు ముందు ఉందో లేదో చూస్తాను. పొట్టి తూటాలు మ్యాగజీన్‌లో వెనకా ముందూ జరుగుతాయి కనుక వాటిని వాడటం మానేశాను.

ఖాళీ తొడుగుల సంగతికి కారణం నాన్న ప్రేమగా పోసిన కుట్టుమిషను నూనె. ఏళ్ల తరబడి అది తొడుగు అంచును పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మా ఊరి దుమ్ముతో, ఇత్తడి రజనుతో కలిసి గోధుమరంగు ముద్దలా గట్టిపడింది. కొబ్బరి ఈనె మొన చెక్కి కొద్దికొద్దిగా గీకితే, నువ్వు గింజంత గడ్డ కడప బండ మీద రాలింది. తరువాత మందు లేని డమ్మీ తూటాను కొక్కెం కింద ఉంచి స్లైడును మెల్లగా ఊపితే పడిపోకుండా నిలిచింది. అంతకుముందు అది నిలిచేది కాదు. ఛాంబరును కూడా బ్రష్షుతో తోమి ఆరబెట్టాను. ఇప్పుడు నూనె ఒక చుక్కే.

ఇవన్నీ చేసే ముందు మ్యాగజీన్ తీయాలి, తరువాత స్లైడు లాగి ఛాంబరులోకి కంటితో చూడాలి. మ్యాగజీన్ తీసినంత మాత్రాన ఛాంబరులోని తూటా పోదు. రేంజిలో ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే, మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగుతాను. శబ్దం మామూలు కంటే మందంగా వస్తే బారెల్ ఖాళీగా ఉందని చూసేదాకా రెండో తూటా కాల్చను.

ఒరలో దాచడం కూడా మానాను. తోలు తేమను పట్టి ఉంచుతుంది. 2024 ఎన్నికల ముందు పిస్తోలును పోలీసు స్టేషనులో అప్పగించేటప్పుడు పలుచగా నూనె రాసి, నూలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. తుప్పు చుక్క లేకుండా తిరిగి వచ్చింది.

గత నాలుగుసార్లు రేంజిలో కలిపి 200 తూటాలు కాల్చాను. ఒక్కసారే ఆగింది. అది పాత పెట్టెలోని తూటా. ప్రైమరు (తూటా అడుగున సూది తగిలి మందును అంటించే మూత) మీద సూది గుర్తు లోతుగానే ఉంది, అయినా పేలలేదు. ఆ పెట్టెలో మిగిలినవి డీలరుకు తిరిగి ఇచ్చేశాను.