నాలుగు మిల్లీమీటర్లు తక్కువైన షోకేసు

ముందే చెప్పేస్తున్నాను, ఇది బొమ్మ మీద రివ్యూ కాదు. బొమ్మలు పెట్టుకునే అద్దాల షోకేసు మీద. నాలుగు అరలు, వెనక నిలువుటద్దం, అయస్కాంతంతో మూసుకునే తలుపు, ప్రతి అరకీ పైన ఎల్ఈడీ పట్టీ. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది, ఫొటోలు కూడా అవే. నేను ఏ పేరుతో కొన్నానో చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. వివరణలో "కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా" అని కనిపిస్తే (జిల్లా కలెక్టర్లు కాదు, బొమ్మలు సేకరించేవాళ్లు) ఇదేననుకోండి. ఆరు నెలలుగా వాడుతున్నాను.

నాకు నలభై మూడేళ్లు. ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తాను. పదకొండేళ్లుగా ఫిగర్లు, అంటే ఆడుకోవడానికి కాక దాచుకోవడానికి కొనే బొమ్మలు, కొంటున్నాను. ఇంకా డబ్బాలు విప్పనివి పోను అరవై రెండు ఉన్నాయి. ఇన్నాళ్లూ అలమరలో పుస్తకాల ముందు నిలబెట్టేదాన్ని. ఒక పుస్తకం తియ్యాలంటే తొమ్మిది మందిని పక్కకి జరపాలి. దుమ్ము సంగతి సరేసరి. సెలవు రోజున మేకప్ బ్రష్ పట్టుకుని వాటి ముందు కూర్చుంటే మా ఆయన "దీంట్లో సగం శ్రద్ధ..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేస్తారు.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరు మనుషులు, రెండు గంటలు. కాగితంలో ఒక్క మాట లేదు, అన్నీ గీసిన బొమ్మలే. అద్దాల అంచులు నున్నగా అరగదీశారు, చెయ్యి తెగదు, అది మెచ్చుకోవాలి. వాళ్లిచ్చిన అలెన్ కీ మాత్రం మూడో స్క్రూకే గుండ్రంగా అరిగిపోయింది.

ఇక అసలు గొడవ. అరకీ అరకీ మధ్య ఎత్తు 30 సెంటీమీటర్లు అని రాశారు. నేను ఈ షోకేసు కొన్నదే మా నల్ల బేర్‌బ్రిక్ కోసం. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. జపాన్‌లోని మెడికామ్ టాయ్ కంపెనీ 2001 మే నెలలో టోక్యోలో ఒక క్యారెక్టర్ల ప్రదర్శనకి వచ్చినవాళ్లకి ఉచితంగా పంచిన ఎలుగుబంటి బొమ్మ ఇది. తల, మొండెం, నడుము, రెండు చేతులు, రెండు అరచేతులు, రెండు కాళ్లు, అంతే, తొమ్మిది ముక్కలు. ఆకారం ఎప్పుడూ ఒకటే, మీద వేసే రంగులే మారతాయి. సైజులకి శాతాలు చెబుతారు. 7 సెంటీమీటర్ల బొమ్మ 100 శాతం, 28 సెంటీమీటర్లది 400 శాతం, 70 సెంటీమీటర్లది 1000 శాతం. ఈ లెక్క సేకరించేవాళ్లకి ఎక్కాల్లాగా నోటికి వచ్చు. నాది 400 శాతం, ఒంటి మీద ఏ బొమ్మా లేని మెరుపు నలుపు. 30 లోంచి 28 తీస్తే ఇంకా రెండు సెంటీమీటర్లు మిగలాలి కదా?

మిగల్లేదు. చెవులు లైటుకి తగిలాయి. స్కేలు పెట్టి చూశాను. అర అద్దం మందం అర సెంటీమీటరు. దాని కింద లైటు బిగించిన అల్యూమినియం పట్టీ ఇంకో 1.9. ఖాళీ మిగిలింది 27.6. అక్షరాలా నాలుగు మిల్లీమీటర్లు తక్కువ! నడుము దగ్గర విప్పి చూశాను, తల తిప్పి చూశాను. ఆ తల పక్కలకి తిరుగుతుంది గానీ వంగదు. చెవులు ఎటు తిప్పినా పైకే.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"30 అంటే అర మధ్య నుంచి అర మధ్యకి మేడమ్."

"బొమ్మ అర మధ్యలో దూరి నిలబడదు కదండీ."

"అందరూ చిన్న బొమ్మలే పెట్టుకుంటారు మేడమ్."

కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా చేసినవాళ్లు ఈ మాట అనకూడదు. 1999 ప్రాంతంలో హాంకాంగ్‌లో మైఖేల్ లౌ అనే కళాకారుడు తన గార్డెనర్ బొమ్మలతో ఈ డిజైనర్ బొమ్మల (కళాకారులు పెద్దవాళ్ల కోసం గీసి చేయించేవి) ఊపు మొదలుపెట్టినప్పుడే అవి 12 అంగుళాలవి. అంటే 30 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ రంగంలో అందరికీ తెలిసిన రెండు కొలతల్లో ఒక్కటీ పట్టని షోకేసు ఎవరికోసం చేసినట్టు?

తిరిగి పంపించొచ్చన్నారు. అద్దాలన్నీ మళ్లీ విప్పి, అట్టల్లో చుట్టి, మా ఆయన్ని ఇంకో రెండు గంటలు బతిమాలడం నావల్ల కాదు. ఒక అర తీసేస్తే సరిపోతుంది గానీ పదిహేను మందికి నిలువ నీడ పోతుంది. చివరికి బేర్‌బ్రిక్ కాళ్లు తుంటి దగ్గర ముందుకి మడిచి కూర్చోబెట్టాను. కూర్చుంటుంది, బానే ఉంటుంది. కాకపోతే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "అదొక్కటే కూర్చుందేం?" అని అడుగుతున్నారు.

చిన్నవాటికి మాత్రం రాజభోగం. నెండొరాయిడ్లు, అంటే పెద్ద తల, బుల్లి ఒళ్లు ఉండే జపాన్ ఫిగర్లు, పది సెంటీమీటర్లే కాబట్టి పైన బోలెడంత ఖాళీ. అక్రిలిక్ మెట్లు విడిగా కొని వేస్తే ఒక్క అరలో రెండు వరుసల్లో పదహారు పట్టాయి. వెనక వరుసవాళ్ల మొహాలూ కనిపిస్తున్నాయి. విప్పేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియని బ్లైండ్ బాక్సుల్లో ఒకే బొమ్మ మూడుసార్లు వచ్చిన నా అదృష్టాన్ని కూడా ఆ మెట్ల మీదే ప్రదర్శనకి పెట్టాను. పళ్లికిలించే కుందేలు చెవుల లబూబూ బొమ్మ ఒకటే ఉంది, అది మా అమ్మాయిది. నాది కాదు. మొహం వినైల్ అనే ప్లాస్టిక్, ఒళ్లంతా బొచ్చు. బయట ఉంటే వారానికే బూడిద రంగుకి తిరిగేది, ఇప్పుడు నెలకోసారి దులిపితే చాలు.

వెనక అద్దం నేను అనుకున్నదానికంటే బాగుంది. సోఫూబి రాక్షసుడు ఒకడున్నాడు నా దగ్గర. సోఫూబి అంటే జపాన్‌వాళ్లు సాఫ్ట్ వినైల్‌ని కుదించి పిలుచుకునే పేరు. లోహపు అచ్చులో వినైల్ పోసి కాచి, వేడిగా మెత్తగా ఉండగానే పటకారుతో బయటికి లాగుతారు. లోపలంతా డొల్ల. మా రాక్షసుడి వీపు మీద పొలుసులకి ఆకుపచ్చ మీద రాగి రంగు పలచగా చల్లారు. కొన్న ఇన్నేళ్లలో ఆ వీపుని నేను సరిగ్గా చూసిందే లేదు. ఇప్పుడు రోజూ అద్దంలో కనిపిస్తోంది.

వాడి వల్లే లైటు లోపమూ బయటపడింది. పై అరలో, పట్టీకి దగ్గరగా పెట్టాను. రోజూ సాయంత్రం నాలుగైదు గంటలు లైటు వెలిగేది. రెండు నెలలకి వాడు ఎడమ కాలి మీద వాలడం మొదలుపెట్టాడు. పట్టీ మీద వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా కాదు, వేడిగానే ఉంది. డొల్ల వినైల్ వేడికి మెత్తబడి బరువు ఎటుంటే అటు ఒరుగుతుంది. తల ఊడదీసి, కాలు వేడి నీళ్లలో ముంచి, నిటారుగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో పెట్టాను. నిలబడ్డాడు. లోపల చేరిన నీళ్లు ఆరడానికి రెండ్రోజులు తలకిందులుగా వేలాడాడు పాపం. ఇప్పుడు కింది అరలో ఉన్నాడు, లైటు గంటకి మించి వెయ్యడం లేదు. ఎండతో పోలిస్తే ఎల్ఈడీ నయమే, తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుందన్న భయం తక్కువ. వేడి తగ్గించి ఉంటే ఇంకో స్టార్ ఇచ్చేదాన్ని.

తలుపు చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు ఉంది. చాలామంది రివ్యూల్లో దీన్నే తిట్టారు. నేను తిట్టను. ఒకసారి నాలుగు పీవీసీ ఫిగర్లని గాలి చొరబడని డబ్బాలో పెట్టి అటకెక్కించాను. రెండేళ్ల తర్వాత తీస్తే చేతికి జిగురుగా అంటుకున్నాయి, చుట్టిన కాగితం మొహానికి అతుక్కుపోయింది. పీవీసీ సహజంగా గట్టిది. మెత్తబడటానికి కలిపిన పదార్థం నెమ్మదిగా పైకి ఊరుతుంది, గాలి ఆడకపోతే అక్కడే పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బుతో కడిగితే పోయింది గానీ, ఒకదాని కనుబొమ్మ కాగితంతోపాటే ఊడొచ్చింది. అందుకే ఈ షోకేసుకి పైనా, రెండు పక్కలా మాత్రం నురగ టేపు వేసి, కింద సందు అలాగే వదిలేశాను. దుమ్ము కొంచెం వస్తుంది, రానివ్వండి.

మొత్తమ్మీద ఐదుకి మూడు. పది, పదిహేను సెంటీమీటర్ల బొమ్మలున్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. పెద్దవి ఉన్నవాళ్లు ముందు అమ్మేవాళ్లని "లైటు పట్టీ కింద నుంచి ఎంత?" అని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగుదాన్ని స్కేలుతో కొలిచి పెట్టుకోండి. చెవులతో సహా.