ఎగ్జిఫ్‌టూల్ నాలుగేళ్ల వాడకం: పోయిన తేదీల్లో తిరిగొచ్చినవెన్ని

మాది రాజోలు వైపు, గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డు. మా లంక భూమిని ఏరు ఏటా ఎంత కోసుకుపోతోందో 2014 నుంచి ఫొటోలు తీస్తున్నాను. అందం కోసం కాదు, ఏ నెలలో గట్టు ఎక్కడుందో లెక్క ఉండాలని. అంచేత నాకు బొమ్మ ఎంత ముఖ్యమో దాని వెనకున్న తేదీ అంత ముఖ్యం. 2021 మార్చిలో ఆ తేదీలన్నీ నా చేత్తోనే పోగొట్టుకున్నాను.

ఊళ్లో నలుగురికీ చూపిద్దామని 2,340 ఫొటోల సైజు ఒక్క దెబ్బకి తగ్గించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పట్టాను. పాత ఫైళ్ల మీదే సేవ్ చేయమని టిక్కు పెట్టింది నేనే. జేపెగ్ ఫైల్లో బొమ్మకు ముందు, తలభాగంలో ఎగ్జిఫ్ అనే ముక్క ఉంటుంది. తీసిన సమయం, కెమెరా, లెన్సు, జీపీఎస్ ఉంటే అక్షాంశ రేఖాంశాలు, అన్నీ అందులోనే. ఆ ప్రోగ్రాం బొమ్మను కొత్త ఫైల్లోకి రాసి తలను వదిలేసింది. మర్నాడు తెరిచి చూస్తే ఏడేళ్ల గోదావరి మొత్తం 2021 మార్చిలోనే పారినట్టుంది.

వెతగ్గా దొరికింది ఎగ్జిఫ్‌టూల్, ఈ ఎగ్జిఫ్ ముక్కను చదివి, మార్చి రాసే ప్రోగ్రాం. కెనడావాడు ఫిల్ హార్వే పెర్ల్ భాషలో రాశాడు, 2003 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. విండోస్‌లో దింపుకోగానే ఫైలు పేరు చివర బ్రాకెట్లో మైనస్ కె అని ఉంటుంది. అది తీసేసి పేరు మార్చాలి. ఇది తెలియక నాకు మొదటి సాయంత్రం పోయింది. ఈమధ్య వెర్షన్లలో పక్కన ఒక ఫోల్డర్ కూడా వస్తోంది, దాన్ని పక్కనే ఉంచాలి. బటన్లుండవు, నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. కంప్యూటరంటే బెరుకున్నవాళ్లకి ఇది నేను చెప్పను.

దీనితో పోయిన ఎగ్జిఫ్ పుట్టుకొస్తుందనుకున్నాను. రాదు. ఇంకో కాపీలో ఎక్కడైనా బతికుంటే అక్కణ్ణుంచి తెచ్చి అతికిస్తుంది, అంతే. ట్యాగ్స్‌ఫ్రమ్‌ఫైల్ అనే ఆప్షన్‌కి అసలు ఫోల్డరూ, తల పోయిన ఫోల్డరూ చూపిస్తే ఒకే పేరున్న ఫైళ్లను జతకట్టుకుని వందల ఫొటోలు నిమిషాల్లో కానిచ్చేస్తుంది. కాబట్టి అసలు పని కాపీలు వెతకడం. డ్రాయర్లో పడున్న మెమరీ కార్డుల్లో 1,150 దొరికాయి. తర్వాత హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాను.

"మన ఫొటోలు ఎక్కించిన ఆ పాత లాప్‌టాప్ అమ్మేశావేంటి?"

"ఎవడు కొంటాడు బావా దాన్ని? అటక మీదుంది."

అందులో 640. ఫోన్‌తో తీసిన మరో 290కి ఫైలు పేరులోనే తేదీ, సమయం అంకెలుగా ఉన్నాయి. పేరులోంచి తేదీ తీసి లోపల రాయమంటే అదీ చేస్తుంది. చాటింగ్ యాప్ నుంచి వచ్చినవాటి పేర్లలోనూ తేదీ ఉంటుంది గానీ, అది పంపిన రోజు, తీసిన రోజు కాదు. మా చుట్టాలు సంక్రాంతి ఫొటోలు ఉగాదికి పంపే రకం.

అతికించడంలో రెండు గోతుల్లో పడ్డాను. మొదటిది తిప్పుడు. నిలువుగా తీసిన ఫొటోను ఆ ప్రోగ్రాం అప్పటికే తిప్పేసింది. నేను పాత సమాచారమంతా తెచ్చేసరికి, బొమ్మను ఎటు తిప్పి చూపాలో చెప్పే ఓరియంటేషన్ ట్యాగూ వచ్చి మళ్లీ తిప్పింది. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు మీద జనం మోటారుసైకిళ్లతో సహా గోడకి అతుక్కున్నట్టు అడ్డంగా నిలబడ్డారు. ఆ ఒక్క ట్యాగు వద్దని చెప్పి మళ్లీ నడిపిస్తే కుదురుకుంది.

రెండోదానికి ఇప్పటికీ గుండె దడ. కెమెరా నంబరు 9999 దాటాక మళ్లీ 0001కి వస్తుంది. 2014లోనూ 0412 ఉంది, 2018లోనూ ఉంది. నేను ఫోల్డర్లు కలిపేసి పేరు చూసి జతకట్టమన్నాను, అది మారుమాటాడకుండా కట్టింది. ఒక ఫొటో మీద 2014 జనవరి అని ఉంది. ఆ నెలలో ఆ గట్టు మీద మా మూడు కొబ్బరిచెట్లు ఉండాలి, రెండేళ్ల తర్వాత కదా వాటిని ఏరు తీసుకుపోయింది. ఫొటోలో చూస్తే అక్కడ నీళ్లు. ఆ చెట్లే లేకపోతే, అంటే ఉండి పోకపోతే, ఈ తప్పు నాకు ఏనాటికీ తెలిసేది కాదు. మార్చే ప్రతి ఫైలుకూ ఎగ్జిఫ్‌టూల్ తనంతట తానే 'ఒరిజినల్' తోక తగిలించి ముందటి కాపీ ఉంచుతుంది కాబట్టి బతికాను. రిస్టోర్ చేయమన్న ఒక్క ఆదేశంతో అన్నీ వెనక్కి వచ్చాయి. ఆ కాపీలు డిస్కు నింపేస్తున్నాయని విసుక్కున్నవాణ్ణి అప్పట్నుంచి నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఫోల్డర్లు ఏడాదివారీగా విడగొట్టాకే జతకట్టిస్తాను.

తెలుగులో పేరున్న ఫోల్డర్లతో విండోస్‌లో ఇబ్బంది పడ్డాను. 'అంతర్వేది తీర్థం' అన్న ఫోల్డర్నే చూడలేదంది. ఫైలు పేర్ల క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాలను గుర్తించే పద్ధతి, యూటీఎఫ్8 అని చెబితే చదివింది. ప్రతిసారీ అది టైపు చేయాలంటే చిరాకు, నేను ఆదేశాలు ఒకచోట రాసిపెట్టుకునే బ్యాచ్ ఫైల్లో పెట్టుకున్నాను.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదప్పుడు జియోట్యాగ్ వాడాను, ఫొటో ఎక్కడ తీసిందో అందులో రాసే ఆప్షన్ అది. నా కెమెరాలో జీపీఎస్ లేదు. జేబులో ఫోన్ దారి నమోదు చేస్తుంటే నేను ఏటిగట్టు మీద నడుస్తూ తీశాను. ఇంటికొచ్చాక ఆ దారి ఉన్న జీపీఎక్స్ ఫైలిచ్చి సమయాలు కలుపుకోమన్నాను. జీపీఎస్ సమయం మనకంటే 5.30 గంటలు వెనక, ఆ తేడా అదే సర్దుకుంది. కెమెరా గడియారమే 12 నిమిషాలు వెనకబడింది. దాంతో ప్రతి ఫొటో నేను 12 నిమిషాల ముందు నడిచిన చోట పడింది. ఫోన్ గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీసి, తేడా చూసుకుని, దాన్ని సరిదిద్దే జియోసింక్ ఆప్షన్‌లో ఇచ్చాను. ఇప్పుడు ఎక్కడికెళ్లినా మొదటి ఫొటో ఫోన్ గడియారానిదే. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

కోత తెలియాలంటే ఏటా అదే చోట నిలబడి తీయాలి. ఈ అక్షాంశ రేఖాంశాలు పట్టుకునే 2023లోనూ అక్కడే నిలబడ్డాను. ఒక చోట నిలబడటానికి నేల లేదు.

మిగిలిన 260 ఫొటోలకు కాపీ లేదు, పేరులో తేదీ లేదు. మొదట ఉజ్జాయింపుగా తేదీలు వేసేశాను. ఆర్నెల్లకే ఏది కెమెరా చెప్పిందో ఏది నేననుకున్నదో నాకే తెలియలేదు. అవన్నీ చెరిపేశాను. తీసిన తేదీ ఖాళీగానే ఉంది, ఊహ ఏదైనా ఉంటే వివరణ ట్యాగులో తెలుగులో రాస్తున్నాను. కొబ్బరి దింపులకొచ్చేవాళ్లకీ పాత పడవవాళ్లకీ అప్పుడప్పుడు ఈ ఫొటోలు చూపిస్తుంటాను. మొన్న ఒక పెద్దాయన ఒకదాంట్లో మునిగిపోయిన రేవు మెట్లు చూసి, "ఇది మా చిన్నమ్మాయి పెళ్లయిన ఏడు బాబూ, ఆ పై మెట్టు మీదే కావిళ్లు దింపాం" అన్నాడు. పెళ్లి ఏ ఏడో ఆయనకి గుర్తులేదు. వివరణలో ఆయన అన్నదే రాసుకున్నాను.