నొక్కి పలికిన మాటను కంటికి చూపే ప్రాట్

ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పుతామనే యాప్‌లలో చాలావరకు మనం పలికిన పదానికి మార్కులు వేసి ఊరుకుంటాయి. వాక్యంలో ఏ మాటను నొక్కి పలికామో, అలా నొక్కడానికి మన గొంతు ఏం చేసిందో అవి చూపవు. ఆ పని చక్కగా చేసి చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది కానీ, దాన్ని తయారు చేసింది భాష నేర్చుకునేవారి కోసం కాదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ 1990ల ఆరంభం నుంచి అభివృద్ధి చేస్తున్న ప్రాట్ ధ్వనిశాస్త్ర పరిశోధకుల పనిముట్టు. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తుంది, పూర్తిగా ఉచితం. ఇంగ్లిష్‌లో ఊనికను (మాటను నొక్కి పలికే తీరును), కాకువును (వాక్యంలో గొంతు ఎగుడుదిగుళ్లను) దిద్దుకోవాలనుకునే తెలుగువారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందన్న ఒక్క విషయమే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

తెరవగానే రెండు కిటికీలు వస్తాయి. బొమ్మలు గీసుకోవడానికి ఉద్దేశించిన రెండోదాన్ని మూసేయవచ్చు. మొదటిదాని మెనూలో 'రికార్డ్ మోనో సౌండ్' ఎంచుకుని, ఒక వాక్యం పలికి భద్రపరచి, 'వ్యూ అండ్ ఎడిట్' నొక్కితే ధ్వని తరంగం, దాని కింద బూడిదరంగు చిత్రం కనిపిస్తాయి. ఆ చిత్రం మీద నడిచే నీలి గీత మన స్వరస్థాయి, అంటే గొంతు ఎంత హెచ్చుగా, ఎంత తగ్గుగా ఉందో చూపేది. మనకు కావలసింది ఆ గీత, దానితోపాటు ధ్వని తీవ్రతను, అంటే ఎంత గట్టిగా పలికామో చూపే మరో గీత. ఎర్ర చుక్కల వంటి తక్కిన హంగులను మెనూలోంచి తీసేస్తే కంటికి హాయిగా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తే, 'మై మదర్ విల్ లీవ్ ఆన్ మండే' అన్న వాక్యాన్ని తీసుకోండి. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులోని ధ్వనులన్నీ నాదాలే, అంటే స్వరతంత్రులు కంపిస్తుండగా పలికేవే కాబట్టి నీలి గీత దాదాపు ఎక్కడా తెగదు. స్వరతంత్రులు కంపించని క, చ, ట, ప, స వంటి శ్వాసధ్వనులు ఉన్నచోట స్వరస్థాయే ఉండదు కనుక గీత ముక్కలుముక్కలవుతుంది, కొత్తవారు దాన్ని చూసి తికమకపడతారు. ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు ఈ వాక్యంలో 'మదర్'ను నొక్కి పలికితే, ఆ మాట మొదటి అక్షరం దగ్గర గీత పైకి లేచి వెంటనే దిగిపోతుంది. దిగిన గీత వాక్యం చివరిదాకా కిందనే, దాదాపు చదునుగా సాగుతుంది. 'వెళ్లేది నాన్న కాదు, అమ్మ' అన్న అర్థం వినేవారికి అందేది మదర్ దగ్గరి లేవడం వల్ల ఎంతో, ఆ తరువాతి మాటలు అణిగిపోవడం వల్ల కూడా అంతే. మనలో చాలామంది పలికినప్పుడు మాత్రం మదర్ లేస్తుంది, లీవ్ లేస్తుంది, మండే కూడా లేస్తుంది. అన్నింటినీ నొక్కినప్పుడు దేన్నీ నొక్కినట్టు కాదు. ఈ లోపాన్ని చెవితో పట్టుకోవడం కష్టం, తెర మీద మాత్రం దాచినా దాగదు.

ఈ అలవాటుకు మూలం మన భాషలోనే ఉంది. 'మా అమ్మే సోమవారం బయలుదేరుతుంది', 'మా అమ్మ సోమవారమే బయలుదేరుతుంది' అన్నప్పుడు నొక్కే పనిని ప్రధానంగా ఏకారం చూసుకుంటుంది. గొంతు కాస్త తోడైతే చాలు. ఇంగ్లిష్ వాక్యంలో అటువంటి ప్రత్యయం లేదు. మాటలను కదపకుండా, ఏదీ చేర్చకుండా, అదే వాక్యానికి నాలుగైదు అర్థాలు తెప్పించవలసిన భారమంతా గొంతు మీదే పడుతుంది. పైగా తెలుగులో హ్రస్వదీర్ఘాలు మారితే మాటే మారిపోతుంది కనుక, నొక్కడం కోసం అచ్చును సాగదీయడానికి మనకు కొంత జంకు.

మన శిక్షణ తరగతుల్లో నొక్కి పలకడమంటే గట్టిగా పలకడమని చెప్పే ధోరణి ఇంకా ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ధ్వనిశాస్త్రవేత్త డెనిస్ ఫ్రై 1955లోనూ, 1958లోనూ ప్రచురించిన ప్రయోగాలు దీన్ని ఎప్పుడో సరిదిద్దాయి. 'సబ్జెక్ట్', 'పర్మిట్' వంటి పదాలు నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద పడుతుంది. ఆయన వాటిని కృత్రిమంగా పలికించి వినిపించినప్పుడు, ఊనికను గుర్తించడంలో శ్రోతలకు తీవ్రత కంటే నిడివి ఎక్కువగా తోడ్పడిందని, స్వరస్థాయిలో మార్పు అంతకంటే బలమైన ఆనవాలని తేలింది. ప్రాట్‌లో తీవ్రత గీతనూ నీలి గీతనూ పక్కపక్కన చూసినవారు అరవడం మానుకుంటారని నా నమ్మకం.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం 'మానిప్యులేషన్'. మన రికార్డింగును ఇందులో తెరిస్తే స్వరస్థాయి చుక్కల వరుసగా కనిపిస్తుంది. 'స్టైలైజ్' ఆదేశంతో చుక్కల సంఖ్య తగ్గించుకుని, మౌస్‌తో మండే మీది చుక్కలను కిందికి లాగి, మదర్ మీది చుక్కను పైకి జరిపి, కింద ఉన్న పట్టీని నొక్కితే, మన గొంతే ఆ వాక్యాన్ని కొత్త ఊనికతో పలుకుతుంది. షిఫ్ట్ మీటతో నొక్కితే పాతది వినిపిస్తుంది. పరాయి గొంతును అనుకరించడం కంటే, సరిదిద్దిన మన గొంతునే విని దాన్ని అందుకోవడం తేలిక. చుక్కలను మరీ దూరం లాగితే గొంతు యంత్రంలా మారుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా జరపాలి.

లోపాలు లేకపోలేదు. ఇది చూపుతుందే గాని నేర్పదు. మన గీత సరైనదో కాదో చెప్పదు, పాఠాలు ఉండవు, పోల్చుకోవడానికి నమూనా వాక్యాలను మనమే సంపాదించుకోవాలి. మెనూలన్నీ పరిశోధకుల పరిభాషలో ఉంటాయి. స్వరస్థాయి పరిధిని గొంతుకు తగ్గట్టు, అంటే పురుషులకు సుమారు 75 నుంచి 300 హెర్ట్జ్‌కు, స్త్రీలకు 100 నుంచి 500 హెర్ట్జ్‌కు సరిచేసుకోకపోతే గీత ఒక్కసారిగా రెట్టింపు ఎత్తుకు ఎగరడమో, సగానికి పడిపోవడమో జరగవచ్చు. దాన్ని ఊనికగా పొరబడే ప్రమాదం ఉంది. ఫ్యాను కింద కూర్చుని రికార్డు చేసినా ఇటువంటి చిక్కే.

ఇంగ్లిష్ ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షలో నాలుగు ప్రమాణాలకూ సమానమైన విలువ ఉంటుంది, అందులో ఉచ్చారణ ఒకటి, ఊనిక, కాకువు దాని కిందికే వస్తాయి. ఆ పరీక్షకు రెండు మూడు నెలల ముందు నుంచి సిద్ధమయ్యేవారికి, ఇంగ్లిష్ బోధించే ఉపాధ్యాయులకు ప్రాట్‌ను గట్టిగా సిఫారసు చేస్తాను. వచ్చే వారమే ఇంటర్వ్యూ ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది, మెనూలు అర్థమయ్యేసరికే ఆ వారం గడిచిపోతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకున్న ఫైలును వాడాలనుకున్నప్పుడు అది ప్రాట్‌లో తెరుచుకోకపోతే ముందుగా వేవ్ (.wav) రూపంలోకి మార్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం అధికారిక సైటు నుంచే దించుకోండి. కొత్త రూపాలు తరచూ వస్తుంటాయి, పాతదాని స్థానంలో కొత్తదాన్ని పెట్టుకుంటే సరిపోతుంది.