సౌండ్‌బారా, రిసీవరా: మన హాలుకు ఏది మేలు?

టీవీలు సన్నబడుతున్న కొద్దీ వాటి గొంతు పీలగా మారుతోంది. వేలి మందం కూడా లేని చట్రంలో ఇమిడే స్పీకరు ఎంతని పలుకుతుంది? అందుకే పెద్ద టీవీ కొన్న నెల తిరక్కుండానే ఇంట్లో సౌండ్ సిస్టమ్ ప్రస్తావన వస్తుంది. అప్పుడు ఎదురయ్యే దారులు రెండు. టీవీ కింద పొడవాటి సౌండ్‌బార్ ఒకటి పెట్టుకోవడం మొదటిది. ఏవీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే యాంప్లిఫయర్ పెట్టె), విడివిడి స్పీకర్లు కొని, వైర్లు లాగి, ఓపికగా అమర్చుకోవడం రెండోది. సొంత ఇల్లయి, గోడల వెంట వైరు లాగే వీలుంటే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం.

సౌండ్‌బార్‌ను తీసిపారేయలేం. టీవీ మీద ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్‌లోకి ఒక్క కేబుల్ పెడితే పని అయిపోతుంది. టీవీ రిమోట్‌తోనే శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు. అద్దె ఇల్లు మారినప్పుడు అరగంటలో విప్పి సర్దుకోవచ్చు. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి సెట్లలో బార్‌తో పాటు లోతైన శబ్దాలు పలికే సబ్‌వూఫర్, వెనక పెట్టుకునే రెండు చిన్న స్పీకర్లు కూడా వస్తాయి. తక్కువ ఖర్చులో 5.1 (ముందూ వెనకా ఐదు చానళ్లు, ఒక సబ్‌వూఫర్) కావాలనుకునేవారికి అది సరైన వస్తువే. ఏడాదికో ఇల్లు మారే ఉద్యోగమైతే ఇంకేమీ ఆలోచించకుండా సౌండ్‌బార్ తీసుకోండి.

చిక్కు ఖరీదైన సౌండ్‌బార్ల దగ్గర మొదలవుతుంది. శాంసంగ్ క్యూ990 తరహా 11.1.4 (చుట్టూ పదకొండు, ఒక సబ్‌వూఫర్, పైకి నాలుగు చానళ్లు) సెట్లు బాగా మోగుతాయి, కాదనను. కానీ ఆ ధరకు చక్కటి రిసీవర్, ముందు పెట్టే మూడు మంచి స్పీకర్లు వచ్చేస్తాయి. పైగా బార్‌లో యాంప్లిఫయర్, డీకోడర్, స్పీకర్లు అన్నీ ఒకే శరీరం. వారంటీ దాటాక లోపలి బోర్డు పోతే మొత్తం మూలన పడుతుంది. దాని వైర్‌లెస్ సబ్‌వూఫర్ సాధారణంగా మరో కంపెనీ బార్‌తో కలవదు. విడి స్పీకర్ల సంగతి వేరు. తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ ఇళ్లలోకి వచ్చింది 2014లో, ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉన్న హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం వెలువడింది 2017లో. ఆ రెండు మార్పులకూ రిసీవర్లు పాతబడ్డాయి. వాటికి తగిలించిన స్పీకర్లు మాత్రం ఈ రోజు కొత్త రిసీవర్‌కు తగిలించినా అంతే బాగా పలుకుతాయి. కాబట్టి డబ్బులో పెద్ద వాటా స్పీకర్ల మీదే పెట్టాలి. రిసీవర్‌కు బడ్జెట్‌లో మూడో వంతు చాలు.

ఆ స్పీకర్లలో పట్టపు రాణి టీవీ దగ్గర నడుమ పెట్టే సెంటర్ స్పీకర్. 5.1 మిక్స్‌లో సంభాషణలు దాదాపుగా అందులోంచే వస్తాయి. నేపథ్య సంగీతం హోరెత్తే మన సినిమాలు చూస్తున్నప్పుడు అమ్మమ్మ ప్రతి రెండు నిమిషాలకూ "ఏమన్నాడురా?" అని అడుగుతుంటే, ఆ ఇంట్లో లోపం ఎక్కడుందో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. అయినా దుకాణాల్లో నిలువెత్తు టవర్లు రెండు చూపించి, వాటి మధ్య అగ్గిపెట్టెలాంటి సెంటర్‌ను అంటగడతారు. ఒప్పుకోకండి. కుడి, ఎడమ, సెంటర్ మూడూ ఒకే కంపెనీవి, ఒకే సిరీస్‌వి కావాలి. లేకపోతే కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోతుంటే మధ్యలో దాని గొంతే మారిపోతుంది.

సెంటర్ స్పీకర్లలోనూ రెండు రకాలు చూడాలి. మధ్యలో ట్వీటర్ (సన్నని శబ్దాలది), అటూ ఇటూ ఒక్కో వూఫర్ (బరువైన శబ్దాలది) ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. ఎదురుగా కూర్చున్నవారికి అవి బాగానే వినిపిస్తాయి. సోఫా చివర కూర్చున్నవారికి మాత్రం రెండు వూఫర్ల నుంచి వచ్చే శబ్దాలు ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుని మాట పలచబడుతుంది. ట్వీటర్ కింద మధ్యస్థాయి శబ్దాలు పలికే చిన్న మిడ్‌రేంజ్ డ్రైవర్ ఉన్న త్రీ-వే సెంటర్‌లో ఈ బెడద బాగా తక్కువ. దాన్ని షోకేసు అరలోకి నెట్టేయకుండా అంచు దాకా ముందుకు జరిపి, కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి చెవుల వైపు కాస్త పైకి వంచండి. పైసా ఖర్చు లేకుండా మాట తేటపడుతుంది.

టవర్లా, అరలో పట్టే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లా అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. సబ్‌వూఫర్ కొనే ఉద్దేశం ఉంటే బుక్‌షెల్ఫ్ చాలు. రిసీవర్‌లో క్రాసోవర్ సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర పెడతాం. అంతకన్నా లోతైన శబ్దమంతా సబ్‌వూఫర్‌కే వెళ్తుంది. టవర్‌కు అదనంగా కట్టిన డబ్బు చాలావరకు ఆ లోతు కోసమే. పాటలు వినడమే ప్రధానమై, సబ్‌వూఫర్ వద్దనుకునేవారికి టవర్లు తగినవి. వార్ఫ్‌డేల్, పోల్క్, క్లిప్ష్, మన కోల్‌కతా సోనోడైన్, ఏవైనా సరే, మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టించి విన్నాకే బేరం మొదలుపెట్టండి.

ఇక వాట్ల లెక్క. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేల వాట్లు అచ్చేసిన డబ్బాలను చూడనే చూడకండి, ఆ అంకెకు అర్థం లేదు. రిసీవర్ల పెట్టెల మీద కూడా పెద్ద అక్షరాల్లో ఉండేది తరచుగా ఒకే చానల్‌ను, ఒకే 1 కిలోహెర్ట్జ్ శబ్దంతో, 6 ఓమ్‌ల (స్పీకరు కరెంటుకు చూపే నిరోధం) మీద, 10 శాతం వక్రీకరణ దాకా లాగి తీసిన అంకె. నమ్మాల్సింది 8 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లు కలిసి పనిచేస్తుండగా తీసినది. డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్‌కు ఆ లెక్కన 80 వాట్లు. పక్కన 100 వాట్లది కనిపించిందని ఆశపడక్కర్లేదు. 80కీ 100కీ మధ్య తేడా ఒక్క డెసిబెల్, చెవికి ఆనీ ఆనదు. వాట్లు రెట్టింపు చేస్తేనే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. అదే 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్క) ఉన్న స్పీకర్ బదులు 91 ఉన్నది ఎంచుకుంటే, రిసీవర్ శక్తి రెట్టింపైనట్టే. అందుకే రెండు రిసీవర్ల మధ్య తేల్చుకోలేకపోతే వాట్లు పక్కనపెట్టి గది కొలత చూసుకునే సదుపాయం ఏది మెరుగో అడగండి. డెనాన్‌లో ఆడిస్సీ, యమహాలో వైపీఏఓ అనేవి మైకు పెట్టి గదిని విని స్పీకర్ల దూరం, స్థాయి సరిచేస్తాయి.

ఆ గదిని మాత్రం ఏ రిసీవరూ పూర్తిగా దిద్దలేదు. విట్రిఫైడ్ టైల్స్, బోసి గోడలు, పెద్ద అద్దాల కిటికీలు, డైనింగ్‌లోకి తెరుచుకున్న హాలు: మాట గోడలకు తగిలి చెదరడానికి ఇంతకన్నా ఏం కావాలి? స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెన్లు వేయండి. రిసీవర్‌కు ఒక మెట్టు పై మోడల్ తెస్తే వచ్చేదానికన్నా తేడా వీటితో ఎక్కువ కనిపిస్తుంది.

అట్మాస్ మీద మోజు పడేవారికి ఒక మాట. పైకి ఎక్కుపెట్టే స్పీకర్లు పైకప్పుకు శబ్దాన్ని కొట్టి కిందికి రప్పిస్తాయి. కప్పు చదునుగా ఉండాలి. మెట్లు మెట్లుగా చేయించిన ఫాల్స్ సీలింగ్, నడుమ తిరిగే ఫ్యాను ఉన్న హాల్లో ఆ ఫలితం సగం చెదిరిపోతుంది. సీలింగ్ పని ఇంకా కాకపోతే స్పీకర్లు అందులోనే బిగించేలా వైర్లు ఇప్పుడే వేయించుకోండి. అయిపోయి ఉంటే 5.1తో హాయిగా ఉండండి. డబ్బు చాలకపోతే మొదట ముందువైపు మూడు స్పీకర్లు, ఆ తర్వాత సబ్‌వూఫర్, చివరికి వెనకవి కొనండి. రిసీవర్ పద్ధతిలో ఇలా విడతలుగా కొనుక్కోవచ్చు.

అమెరికా నుంచి తెప్పించుకునేవారు మన దగ్గర చాలామంది. అక్కడి రిసీవర్లు సాధారణంగా 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వారంటీ ఇక్కడ చెల్లడం కష్టం. సబ్‌వూఫర్‌లోనూ కరెంటుతో నడిచే యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి వెనక వోల్టేజీ చూడకుండా తెప్పించకండి. కరెంటు ప్లగ్గు అవసరం లేని మామూలు బుక్‌షెల్ఫ్ జత అయితే నిశ్చింతగా సూట్‌కేసులో పెట్టించుకోండి.