ఇంటి చదువులో రాత: వయసు తేడా ఉన్న తోబుట్టువులకు ఏ స్థాయి తీసుకోవాలి?

ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎక్సలెన్స్ ఇన్ రైటింగ్ అనే అమెరికా సంస్థ తయారుచేసిన ‘స్ట్రక్చర్ అండ్ స్టైల్ ఫర్ స్టూడెంట్స్’ పాఠాలను కడపలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాం. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఆ పాఠాలు ఎలా ఉన్నాయని కాదు. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కొక్కరికీ ఒక్కో స్థాయి కొనాలా, అందరికీ కలిపి ఒకటి సరిపోతుందా అన్నదే వారి సందేహం. మేము మొదలుపెట్టేనాటికి పెద్దమ్మాయికి పన్నెండేళ్లు, నడిపివాడికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి ఏడాదికి ఒకే స్థాయి చాలు. ఆ స్థాయిని రాయగలిగిన పిల్లల్లో చిన్నవారు ఎంత సులువుగా చదవగలరన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. పెద్దవారికి బరువు పెంచే పని మాత్రం మన చేతుల్లోనే ఉంటుంది.

ఈ పాఠాల్లో ఎ స్థాయి 3 నుంచి 5 తరగతులకు, బి స్థాయి 6 నుంచి 8కి, సి స్థాయి 9 నుంచి 12కి ఉద్దేశించినవి. ఇక్కడ మనవాళ్లకు ఒక తికమక ఎదురవుతుంది. ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) వారి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో కూడా ఎ, బి, సి స్థాయిలే ఉన్నాయి. అయితే అవి వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. ఎన్ఐఓఎస్‌లో సి స్థాయికి చదువుతున్న పిల్లకు ఇక్కడా సి తీసుకుంటే, తొమ్మిది, ఆపై తరగతులవారికోసం ఎంచిన పాఠ్యాన్ని ఎనిమిదో తరగతి పిల్ల ముందు పెట్టినట్టవుతుంది. పైగా ఈ అమెరికా పాఠాల తరగతుల లెక్క ఇంగ్లీషే ఇంటిభాషగా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని వేసినది. ఇంట్లో జేజితో (నాయనమ్మతో) తెలుగులో మాట్లాడుతూ, ఇంగ్లీషును పుస్తకాల ద్వారా నేర్చుకునే మన పిల్లలు తరగతి ప్రకారం వచ్చే స్థాయికంటే ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

అలా ధైర్యంగా కిందికి దిగగలగడానికి అసలు కారణం పాఠాల నిర్మాణంలోనే ఉంది. మూడు స్థాయిల్లోనూ యూనిట్లు తొమ్మిదే, వరుసా అదే. నోట్సు తీసుకోవడం, ఆ నోట్సునుంచి రాయడం, కథను తిరిగి చెప్పడం, ఒక ఆధారంనుంచి సారాంశం రాయడం, బొమ్మలు చూసి రాయడం, పలు ఆధారాలను కలిపి రాయడం, సొంతంగా రాయడం, వ్యాసం, చివరగా సాహిత్య విమర్శ. స్థాయి మారితే మారేది ముఖ్యంగా చదవడానికి ఇచ్చే పాఠ్యం, రాయాల్సిన నిడివి, చెక్‌లిస్టులోని (అంటే రాతలో తప్పక చూపాల్సినవాటి పట్టికలోని) అంశాల సంఖ్య. అందువల్ల ఎ స్థాయి చేసిన పెద్దపిల్ల పద్ధతిలో ఏదో కోల్పోతుందన్న భయం అక్కర్లేదు.

పద్ధతి సూటిగా ఉంటుంది. చిన్న పేరాను చదివి, ప్రతి వాక్యంనుంచి మూడు కీలకపదాలకు మించకుండా కాగితం మీద పెట్టుకోవాలి. అంకెలు, గుర్తులు, పొడి అక్షరాలు ఎన్నయినా వాడుకోవచ్చు. తరువాత అసలు పేరాను పక్కనపెట్టి, ఆ పదాలను మాత్రమే చూస్తూ విషయాన్ని నోటితో చెప్పాలి. అది సాఫీగా వచ్చాకే రాయడం. పాఠ్యం కష్టమైనదైతే ఈ క్రమం మొదటి మెట్టులోనే తెగిపోతుంది, ఎందుకంటే అర్థం చేసుకోవడానికే శక్తంతా ఖర్చయిన పిల్లవాడు ఏ మూడు పదాలు ముఖ్యమో తేల్చలేక వాక్యంలోని మొదటి మూడింటిని దించేస్తాడు. కాబట్టి స్థాయి తేల్చుకునేందుకు నేను చెప్పే పరీక్ష ఒక్కటే: సంస్థ వారు చూపించే నమూనా పాఠంలోని పేరాను పిల్లవాడితో చదివించి, కాగితం తీసేసి, తెలుగులోనైనా సరే ఆ విషయాన్ని చెప్పమనండి. తడుముకోకుండా చెబితే ఆ స్థాయి అతనిది. రెండు మూడు మాటల అర్థం అడిగితే ఫరవాలేదు. కథ ఎటు పోయిందో తెలియకపోతే కిందిది తీసుకోండి.

మేము ఎ స్థాయి తీసుకున్నాం. వీడియోలో ఆండ్రూ పుడేవా తరగతి గదిలో పిల్లలకు చెబుతున్న పాఠాన్ని ముగ్గురూ కలిసి చూసేవారు. ఆయన హాస్యంలో కొంత మన పిల్లలకు అందదు కానీ, తొమ్మిదేళ్లవాడు మాత్రం పడిపడి నవ్వేవాడు. తేడా అంతా చెక్‌లిస్టు దగ్గర పెట్టాను. ‘లీ’తో ముగిసే క్రియావిశేషణం, ‘హూ’ లేక ‘విచ్’తో వచ్చే ఉపవాక్యం, బలమైన క్రియ, ‘బికాజ్’తో వచ్చే కారణం, మంచి విశేషణం, ఇలా ఒక్కొక్కటిగా నేర్పే అలంకారాలను పెద్దమ్మాయి నేర్చినవన్నీ ప్రతి పేరాలోనూ చూపాలి, నడిపివాడు తనకు అలవాటైన రెండింటిని చూపితే చాలు. చిన్నది నోటితో చెబుతుంది, నేను రాసుకుంటాను. ఒకరి చెక్‌లిస్టు ఇంకొకరు తనిఖీ చేయకూడదన్న నియమం ఇంట్లో తొలివారంలోనే పెట్టుకోవడం మంచిది. లేకపోతే “వాడికి రెండే, నాకు అన్నీనా” అనే పంచాయితీ తెగదు.

సారాంశాల యూనిట్‌లో ఒకే స్థాయి ఎంత దూరం సాగుతుందో బాగా తెలిసింది. పుస్తకంలోని పాఠ్యంతోపాటు గండికోట గురించి నేనే ఒక పేజీ రాసి ఇచ్చాను: పెన్నా లోయ, జుమ్మా మసీదు, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, ధాన్యాగారం. ఒక పేరాకు ఒకే అంశం ఉండాలి, మొదటి వాక్యంలోని కీలకపదాలు చివరి వాక్యంలో మళ్లీ ధ్వనించాలి అన్నది అక్కడి నియమం. నడిపివాడు లోయను ఎంచుకుని బండల గురించి, కిందికి చూస్తే కలిగే భయం గురించి రాశాడు. పెద్దమ్మాయి ధాన్యాగారాన్ని ఎంచుకుని, ముట్టడిని తట్టుకోవాలంటే కోటకు గోడలతో సమానంగా గింజలూ కావాలని తేల్చింది. ఆధారం ఒకటే, స్థాయి ఒకటే, రాతలు మాత్రం వయసుకు తగ్గట్టు వచ్చాయి.

ఇదే పద్ధతిని వారంలో ఒక రోజు తెలుగులోనూ చేయించాం. ఇక్కడ కొన్ని మార్పులు తప్పవు. తెలుగు వాక్యంలో పదాలు తక్కువ. మూడు పదాలు తీస్తే సగం వాక్యం వచ్చేస్తుంది, అది నోట్సు కాక నకలు అవుతుంది. రెండు పదాలకు కుదించాక బాగా కుదిరింది. ‘గా’తో ముగిసే మాటలు మన భాషలో మరీ సులువు కనుక వాటిని అలంకారంగా లెక్కించడం మానేశాను, లేకపోతే నడిపివాడి పేరాలో వేగంగా, కోపంగా, గట్టిగా అన్నవి పప్పులో మెంతుల్లాగా తగులుతూనే ఉండేవి. వాడి వాడి అరిగిపోయిన మాటలను రాతలో వాడనివ్వని నిషిద్ధ పదాల జాబితా మాత్రం తెలుగులో అద్భుతంగా పనిచేసింది. మర్యాద రామన్న కథ తిరిగి రాసేటప్పుడు ‘అన్నాడు’ వాడకూడదంటే గద్దించాడు, నసిగాడు, బుకాయించాడు, గొణిగాడు వచ్చాయి. వాటిలో సగం జేజి అందించినవే.

పలు ఆధారాలను కలిపి రాసే ఆరో యూనిట్ దగ్గర పెద్దమ్మాయిని విడదీయాల్సి వచ్చింది. ఒక్కో ఆధారానికి విడిగా నోట్సు తీసి, వాటిని ఒకటిగా కలిపిన నోట్సునుంచి పేరా రాయాలి. ఆమెకు ఎ స్థాయి ఆధారాలు చాలా తేలికగా అనిపించడంతో మన ఊరి బ్రౌన్ గ్రంథాలయాన్నే అంశంగా ఇచ్చాను. తెలుగుకు సేవచేసిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చిన సంగతి ఒక వ్యాసంలో, 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయిన సంగతి మరొకదానిలో, ఆయన బంగళా ఉన్నచోట గ్రంథాలయం లేవడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి పడిన శ్రమ ఇంకొకదానిలో దొరికాయి. నడిపివాడు అదే వారం పుస్తకంలో ఇచ్చిన ఆధారాలతోనే పని ముగించాడు. ఆ తరువాత వచ్చే వ్యాసానికి నాలుగేళ్ల తేడాను చెక్‌లిస్టుతో పూడ్చడం కష్టం, మూడేళ్ల తేడాకే మాకు అతుకులు కనిపించాయి. రెండో ఏడాది పెద్దమ్మాయికి బి తీసుకున్నాం. నడిపివాడు ఎ స్థాయిలోనే రెండో ఏటి పాఠాలకు వెళ్లాడు.

ఖర్చు విషయంలో, ధరలు డాలర్లలో ఉంటాయి కనుక ఒక్క స్థాయే కొనడం చిన్న విషయమేమీ కాదు. వీడియోలను ఆన్‌లైన్‌లో చూసే వీలుంది. వేసవిలో మేము పొద్దున ఎండ ముదరకముందే పాఠం ముగిస్తాం, కరెంటు మీద ఆధారపడే పనిని మధ్యాహ్నానికి పెట్టుకోం. వ్యాకరణం ఇందులో విడిగా చెప్పరు, దానికి వేరే పుస్తకం చూసుకోవాలి.

పద్నాలుగేళ్లు నిండితే ఎన్ఐఓఎస్ సెకండరీ రాయించవచ్చు కనుక పెద్దమ్మాయికి ఇప్పుడు ఆ సన్నాహం కూడా నడుస్తోంది. పేరా, వ్యాసం రాయడానికి ఈ శిక్షణ నేరుగా ఉపయోగపడుతోంది. అర్జీలు, ఉత్తరాలు, నోటీసులు మన పరీక్షలు కోరే పద్ధతిలో ఇందులో ఉండవు. వాటిని పాత ప్రశ్నపత్రాలతో విడిగా సాధన చేయిస్తున్నాం. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని విన్న చిన్నది ఇక రాయడం మొదలుపెడుతుంది. దానికోసం కొత్తగా కొనేదేమీ లేదు, అన్న వాడిన ఎ స్థాయే సరిపోతుంది.